అన్నం మానేసిన సరంగు

పోర్ట్ బ్లెయిర్ డైరీ ఫార్మ్ బజారులో నా తాళ్ళ కొట్టుకి ఎదురుగా మొన్నీమధ్య ఒక కొత్త హోటల్ తెరిచారు. అద్దాల తలుపు, లోపల ఏసీ, బయట రంగురంగుల బోర్డు మీద "కీటో థాలీ". కింద బొమ్మలో గుడ్డు, చేప ముక్క, ఏవో ఆకులు ఉన్నాయి. అన్నం మాత్రం లేదు. హోటల్ ఆసామి నా చేతిలో ఒక కరపత్రం పెట్టి, "అంకుల్, యే ఏక్‌దమ్ నయా చీజ్ హై. చావల్ నహీ, రోటీ నహీ. మొత్తం నెయ్యి, నూనె, మచ్లీ. పోర్ట్ బ్లెయిర్‌లో మేమే ఫస్ట్" అన్నాడు.

తాగుతున్న చాయ్ నా ముక్కులోంచి బయటికొచ్చింది.

ఆ థాలీని మా బావ ఆరేడేళ్ళ కిందటే గరాచర్మలో తన ఇంట్లోనే కనిపెట్టాడు. ఆయన దానికి పేరు పెట్టలేదు. మా అప్ప పెట్టింది గానీ, ఆ పేరు బోర్డు మీద రాస్తే పోలీసులొస్తారు.

మా వాళ్ళలో అక్కని అప్ప అంటాం. తాతలు శ్రీకాకుళం ఒడ్డు నుంచి ఓడెక్కి అండమాన్ వచ్చినప్పుడు వలలతో పాటు ఈ మాటలు కూడా తెచ్చుకున్నారు. వలలు చిరిగిపోయాయి, మాటలు మిగిలాయి. ఆ అప్ప మొగుడే మా బావ. వేట పడవకి సరంగు. చుక్కాని పట్టేదీ, వల ఎక్కడ దించాలో చెప్పేదీ సరంగే. పడవ మీద ఆయన మాటే చట్టం, ఒడ్డు మీద మా అప్ప మాటే చట్టం. మనిషి పోయి ఏడాది దాటింది. ఇప్పటికీ నా కొట్టు ముందు ఎవరైనా గట్టిగా నవ్వితే తల ఎత్తి చూస్తాను.

మనిషి ఎంత ఉండేవాడంటే, ఆయన కుర్చీలోంచి లేస్తున్నాడంటే పడవని నీళ్ళలోకి దింపుతున్నట్టు పక్కవాళ్ళు ఓ చెయ్యి వేసేవారు. ఆ పడవని కట్టింది అన్నం. నేను చెప్పేదాంట్లో కొంత కొట్టేసుకుని వినడం మా బజారులో అందరికీ అలవాటే కానీ, ఇది కొట్టేయకండి: వలలకి రంగు వేసే గిన్నె ఒకటి ఉండేది వాళ్ళింట్లో, దాని జోడు గిన్నెలో ఆయనకి అన్నం వండేది మా అప్ప. రెండూ ఒకే కొట్టులో కొన్నారు.

పళ్ళెంలో అన్నం పడగానే బావ దాన్ని అరచేత్తో రెండుసార్లు తట్టేవాడు, దూడని తట్టినట్టు. మధ్యలో గొయ్యి చేసి, చుట్టూ గట్టు కట్టి, "ఇదిగో హార్బరు" అనేవాడు. అందులోకి పులుసు వదిలేవాడు. చేప ముక్కని చూపుడువేలితో తోసుకుంటూ, నోటితో ఫెర్రీ కూత కూస్తూ, గట్టు లోపలికి తెచ్చి లంగరు వేసేవాడు. పదిమంది భోజనానికి వచ్చిన రోజైనా, ఎదురుగా ఆఫీసరు కూర్చున్నా ఆ కూత మాత్రం మానేవాడు కాదు. అప్ప గరిటెతో బెదిరించేది. "సిన్నపిల్లడివేటి? తిను!" అని. "ఓడ రేవులోకి రాకుండా ఎలా దించుతారే సరుకు?" అనేవాడు.

దేనికీ కంగారు లేదు. రేషన్ కార్డు పోయినా, ఇంజిన్ ఆగినా, పెళ్ళికి ముహూర్తం దాటిపోతున్నా ఒకటే మాట. "సముద్రం ఎక్కడికి పోద్దిరా?"

ఆ పడవలో ఒక పద్ధతి ఉండేది. మధ్యాహ్నం అన్నం ఉడికాక ఎంత ఆకలిగా ఉన్నా ఎవరూ చెయ్యి పెట్టరు. సరంగు మొదటి ముద్ద గంగమ్మకని సముద్రంలోకి విసురుతాడు, రెండో ముద్ద తాను తింటాడు, అప్పుడు మిగతావాళ్ళు మొదలుపెడతారు. సరంగు నోట్లోకి అన్నం పోకపోతే వలలోకి చేప రాదని వాళ్ళ నమ్మకం. వాళ్ళందరిలో గట్టి నమ్మకస్తుడు ఇంజిన్ చూసే డ్రైవర్. బావకంటే నాలుగేళ్ళు పెద్ద, మాట్లాడితే పోట్లాడినట్టుంటుంది. మా బావకి ఆ పద్ధతంటే ప్రాణం. గంగమ్మకి గోళీకాయంత ముద్ద, ఆయనకి కొబ్బరికాయంత.

ఇలా జరుగుతుండగా ఓ పొద్దున్న పడవ రేవులోకి వస్తోంది. బావ చుక్కాని దగ్గర నిలబడి ఎదురుగా ఎవరినో తిడుతున్నాడు. "ఒరేయ్! కళ్ళు కనపడ్డం లేదేటి? హటో! పక్కకి తియ్యి!" అని. ఎదుటి మనిషి కదలడు. ఈయన తిట్లు పెంచాడు, వాళ్ళ తాతదాకా వెళ్ళాడు. డ్రైవర్ పైకొచ్చి చూశాడు.

"సరంగూ, ఎవుడ్ని తిడతన్నావు?"

"అదిగో, ఎర్రచొక్కా ఏసుకోని అడ్డంగా నిలబడ్డాడు సూడు."

"అది బోయారా బావూ!"

దారి చూపడానికి ప్రభుత్వం వేసిన ఇనప బోయా. దాన్ని రాసుకుంటూ పడవ పోయింది. ఆ గీత ఇప్పటికీ పడవకి ఉంది. డ్రైవర్ ఒడ్డు దిగి ఇంటికి పోలేదు, తిన్నగా మా అప్ప దగ్గరికి పోయాడు.

ఆసుపత్రిలో నెత్తురు తీశారు. షుగర్ చూసి డాక్టరమ్మ కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూసింది. అంకె మారలేదు. చూపు మసకబారడం దానివల్లేనని చెప్పింది. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా రెండు నెలలు పెట్టే వేట నిషేధం అప్పుడే మొదలవుతోంది, పడవలన్నీ ఒడ్డున ఉంటాయి. నిషేధం ఎత్తేసేలోగా షుగర్ దిగాలి, దిగకపోతే చుక్కాని పట్టడానికి తను ఒప్పుకోనంది. మా అప్ప ఒకడుగు ముందుకేసింది. దిగకపోతే ఐస్ ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్ కుర్చీ మాట్లాడి ఉంచుతానంది.

నా జన్మలో మొదటిసారి బావ మొహంలో కంగారు చూశాను. సముద్రం ఎక్కడికీ పోదు, నిజమే. కానీ దాని మీంచి ఈయన్ని దించేస్తారు. ఐస్ ఫ్యాక్టరీ గేటు దగ్గర నుంచి సముద్రం కనబడదు కూడా, మధ్యలో గోడ.

"చావల్ బంద్. చీనీ బంద్. ఆలూ, రోటీ సబ్ బంద్" అంది డాక్టరమ్మ. అన్నం, పంచదార, దుంప, రొట్టె ఏదీ వద్దని.

"ఫిర్ హమ్ ఖాయేగా క్యా మేడమ్? హవా?" అన్నాడు బావ.

"మచ్లీ ఖావో, అండా ఖావో, సబ్జీ ఖావో, నారియల్ ఖావో. ఘీ, తేల్ సే డర్‌నా మత్."

చేప, గుడ్డు, కూర, కొబ్బరి తినొచ్చు, నెయ్యికీ నూనెకీ భయపడక్కర్లేదని. బయటికొచ్చేసరికి బావ మొహం పున్నమి చంద్రుడు. అన్నీ పోగొట్టుకున్నవాడికి కొబ్బరికాయ దొరికింది! అండమాన్లో కొబ్బరికాయ దొరకడమంటే చేపకి నీళ్ళు దొరకడమే. మర్నాడే నా స్కూటర్ వెనకెక్కి ఫెరార్‌గంజ్ పోయాడు. అక్కడ ఆయన స్నేహితుడికి కొబ్బరితోట ఉంది. పచ్చికొబ్బరి తిన్నాడు. బాగుంది. ఎండ కాస్తోంది కదాని బొండాం తాగాడు. ఇంకోటి తాగాడు. తోటలో మొలకలొచ్చిన కాయలు గుట్టగా పడున్నాయి. వాటిని కొడితే లోపల తెల్లగా, దూదిలా, తియ్యగా కొబ్బరి పువ్వు ఉంటుంది. అది చూసి బావ కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు.

"బావా, ఇది తీపి కదా?" అన్నాను.

"కాయ మంచిదని డాక్టరమ్మే సెప్పింది. కాయ మంచిదైతే అందులో నీళ్ళు సెడ్డవెలా అవుతాయిరా? పువ్వు మాత్రం ఎవుర్ది? కాయదే కదా!"

ఈ లాజిక్కుకి జవాబు చెప్పగలిగిన లాయరు పోర్ట్ బ్లెయిర్‌లో లేడు. ఆ తర్వాత రెండు వారాలు బావ ఫెరార్‌గంజ్ రోడ్డు మీదే బతికాడు. అన్నం ముట్టలేదు, ఒట్టు. ఆ స్నేహితుడి తోటలో కోతులు లేవు గనక సరిపోయింది, ఉంటే ఆకలికి చచ్చేవి.

మళ్ళీ నెత్తురు తీశారు. షుగర్ దిగలేదు సరికదా, మెట్టెక్కింది. డాక్టరమ్మ అడిగింది, బావ గర్వంగా చెప్పాడు. ఆవిడ కాసేపు గోడవైపు తిరిగి కూర్చుంది. భుజాలు ఊగుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాం, నవ్వుతోంది. తర్వాత వివరంగా చెప్పింది: ముదురు కొబ్బరి తిను, కొబ్బరినూనెలో వండుకో, పాలు తీసి కూరలో పోసుకో, బొండాం నీళ్ళూ పువ్వూ చక్కెరతో సమానం, వాటి జోలికి పోకు.

ఇంటికొచ్చేసరికి గేటు దగ్గర మా అప్ప నిలబడుంది.

"ఐసు ఫ్యాక్టరీ ఓనరుతో మాటాడినాను. కుర్సీ ఖాళీగానే ఉందంట."

"ఇంకా టైముందే."

"టైముంది. కుర్సీ కూడా ఉంది."

ఆ రోజు నుంచి వంటిల్లు మా అప్ప చేతిలోంచి జారి బావ చేతిలో పడింది. పడవ మీద వండిన చెయ్యే కదా. పొద్దున్నే మునగాకు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి నాలుగు గుడ్లతో అట్టు. అట్టంటే పల్చటిది కాదు, దిబ్బరొట్టెంత మందం. దాన్ని కొబ్బరినూనెలో వేస్తే ఆ వాసన గరాచర్మ బస్టాపు దాకా వచ్చేది. బస్సు కండక్టరు స్టాపు పేరు అరవడం మానేశాడు, జనం వాసన చూసి దిగిపోయేవారు. చాయ్‌లో పంచదార బదులు చిక్కటి కొబ్బరిపాలు, పైన చెంచాడు నెయ్యి. నాకు ఒక గ్లాసు ఇచ్చాడు. తాగాక నా పెదాలు మూతపడలేదు, మాట ఆగకుండా జారిపోతూనే ఉంది. ఇప్పటికీ తగ్గలేదంటుంది మా ఆవిడ.

మధ్యాహ్నం సూర చేప ముక్కలు కొబ్బరిపాలలో ఉడికించేవాడు. పొట్ట దగ్గర కొవ్వు ముక్క ఆయనది, అది అడిగితే యుద్ధమే. కానాగంత చేపలకి కారం రాసి వేపుడు. గోంగూరలో నెయ్యి పోసి, ఉడికిన గుడ్డుతో నంజుకోవడం. అన్నం చోట క్యాబేజీ సన్నగా తురిమి, ఆవిరి మీద మగ్గబెట్టి, జీలకర్ర తాలింపు. మెయిన్‌లాండ్ నుంచి ఓడ ఆలస్యమైతే బజార్లో క్యాబేజీ ఉండదు. అప్పుడు పెరట్లో పచ్చి బొప్పాయికాయ తురుము. దాన్ని కూడా పళ్ళెంలో పోసి, అరచేత్తో రెండుసార్లు తట్టి, గొయ్యి చేసి, గట్టు కట్టేవాడు. గట్టు నిలబడేది కాదు. పులుసు వదలగానే కారిపోయేది. ఫెర్రీ కూత సగంలో ఆగిపోయేది.

ఆ ఒక్క క్షణం చూడలేక మా అప్ప లోపలికి పోయేది.

సాయంత్రం కోడి తోలు. కోళ్ళ షాపువాడు ఊరికే పారేసేది ఈయన సంచీలో పట్టుకొచ్చి, ఉప్పూ పసుపూ పట్టించి, దాని నూనెలో దాన్నే కరకరలాడేలా వేయించేవాడు. అంతదాకా ఆ తోలు మీద బతికిన గరాచర్మ కుక్కలు మా బావ కనబడితే మొహం తిప్పుకునేవి. ఒకటి మాత్రం రోజూ గేటు ముందు కూర్చుని, ఈయన్నే చూస్తూ నిట్టూర్చేది.

ఇక ఒంటి సంగతి. ఆ రోజుల్లో బావ మీద దోమ వాలితే జారిపోయేది. వానలో గొడుగు లేకుండా తిరిగేవాడు, చుక్క నిలబడేది కాదు. ఓసారి ప్రేమగా కౌగిలించుకుంటే నా చొక్కా జేబులో ఐదొందల నోటు అద్దంలా అయిపోయి, దాని వెనక నా గుండె కొట్టుకోవడం కనబడింది. నూనె అలా పెరుగుతుంటే మనిషి మాత్రం కిందికి దిగాడు. లుంగీ ఒక చుట్టు తిరిగేది కాస్తా రెండు చుట్లు తిరిగింది. ఒడ్డున కట్టేసిన పడవ మీదికి ఓ రోజు ఎక్కితే, ఎప్పుడూ నీళ్ళలో మునిగుండే నంబరు బయటికి కనబడిందని డ్రైవర్ చెప్పాడు. ఇది నేను కల్పించింది కాదు, కల్పించే హక్కు డ్రైవర్‌కి కూడా ఉంది.

చివరి పరీక్ష రోజు డాక్టరమ్మ కాగితం చూసి మళ్ళీ కళ్ళజోడు తుడుచుకుంది. షుగర్ దిగింది. ఎదురుగా గోడ మీద అక్షరాలు చదవమంది. బావ చివరి వరస దాకా చదివి, కింద ముద్రాపకుడి చిన్నక్షరాలు కూడా చదవబోయాడు. మాత్రలు ఆవిడే తగ్గించి రాసింది. ఇది చదివి మీలో ఎవరైనా సొంతంగా మాత్రలు పారేస్తే మా డాక్టరమ్మ నా కొట్టుకొచ్చి నన్ను నా తాళ్ళతోనే కడుతుంది. "ఐసే హీ ఖానా. చావల్ షురూ కియా తో ఫిర్ వహీ హాలత్" అందావిడ. అన్నం మొదలెడితే మళ్ళీ మొదటికే అని.

మా అప్ప ఇంకా గట్టిగా చెప్పింది. "ఒక్క ముద్ద. ఒక్క ముద్ద లోపలికెల్లిందని తెలిస్తే కుర్సీయే." ఆయన ఒక్క ముద్దతో ఆగే మనిషి కాదని అందరికంటే ఆమెకే తెలుసు. నన్ను కాపలా పంపింది. "నువ్వూ ఎల్లు. కళ్ళు సేపల మీద ఎట్టకు, నోటి మీద ఎట్టు."

నిషేధం ఎత్తేశాక మొదటి వేట. బావ చుక్కాని పట్టుకున్న తీరు చూడాలి. పెళ్ళిలో అప్ప చెయ్యి కూడా అంత ఆత్రంగా పట్టుకోలేదు. బోయా దగ్గరికి రాగానే చెయ్యెత్తి, "సలాం భయ్యా!" అని దానికి మర్యాద చేశాడు.

మధ్యాహ్నం అన్నం ఉడికింది. పొగలు కక్కుతున్న గిన్నె తెచ్చి సరంగు ముందు పెట్టారు. అంతా చుట్టూ కూర్చున్నారు. బావ గోళీకాయంత ముద్ద చేసి గంగమ్మకి విసిరాడు. తర్వాత తన డబ్బా తెరిచాడు. చేప, గుడ్లు, క్యాబేజీ.

"ఇదేటి?" అన్నాడు డ్రైవర్.

"నా బువ్వ."

"ఇది బువ్వేటి? ఆకు. మేక తింటాది. సరంగు ముద్ద తినకుండా నానెలా తింటాను?"

"సెప్పినాను కదరా, డాక్టరమ్మ వద్దన్నాదని."

"డాక్టరమ్మ వల ఏస్తాదా? ఒక్క ముద్ద తిను సరంగూ. నీ పెళ్ళాంకి ఎవుడు సెప్తాడు?" అని అందరూ నావైపు చూశారు. నేను సముద్రం వైపు చూశాను.

"తినకపోతే నాను ఇంజిన్ ఆపేస్తాను. ఇప్పుడే సెప్తన్నాను" అన్నాడు డ్రైవర్.

గిన్నెలోంచి ఆవిరి తిన్నగా బావ మొహానికే కొడుతోంది. కొత్త బియ్యం. నాకే నోరూరింది. బావ చెయ్యి గిన్నెలోకి పోయింది. నేను లేచి నిలబడ్డాను. ఆయన అన్నాన్ని అరచేత్తో రెండుసార్లు తట్టాడు. పులుసు పోశాడు. కలిపాడు. కొబ్బరికాయంత ముద్ద, పాత సైజే, చేతిలోకి తీసుకున్నాడు. చాలాసేపు చూశాడు. డ్రైవర్ ఇంకా ఏదో తిడుతూ నోరు తెరిచి ఉన్నాడు.

ఫెర్రీ కూత వినబడింది. ఆ ముద్ద తిన్నగా వెళ్ళి డ్రైవర్ నోట్లో లంగరు వేసింది.

డ్రైవర్ బుగ్గలు రెండూ ఉబ్బిపోయాయి. మింగలేడు, కక్కలేడు, తిట్టలేడు. పడవంతా ఒకటే నవ్వు. బావ రెండో ముద్ద చేసి పక్కవాడికి, ఇంకోటి ఆ పక్కవాడికి, చివరికి నాకూ, కూత కూస్తూ నోట్లో పెట్టాడు. "సరంగు సెయ్యి బువ్వని ముట్టిందా లేదా? మీ కడుపుల్లోకి ఎల్లిందా లేదా? నా ఒక్క కడుపే కడుపేటి? ఇక మూసుకోని తినండి" అన్నాడు. తన చేతికి అంటిన మెతుకుల్ని సముద్రంలో కడిగేసుకున్నాడు, నాకేసి చూస్తూ.

ఆ రోజు వలలో ఎంత పడిందో చెప్పాలంటే నా నాలుక దురద పెడుతోంది. కానీ చెప్పేస్తాను: మామూలే పడింది. అయినా డ్రైవర్ రేవంతా తిరిగి, సరంగు చేతి ముద్ద తిన్నందుకే అంత పడిందని చాటాడు. ఆ తర్వాత నాలుగైదేళ్ళు ఆ పడవ మీద గడ్డాలు నెరిసిన మగాళ్ళు మధ్యాహ్నం కాగానే నోళ్ళు తెరుచుకుని వరసగా కూర్చునేవారు. పక్క పడవలవాళ్ళు చూసి ఈలలు వేసేవారు. మావాళ్ళు లెక్కచేయలేదు. బావ ఆఖరి రోజు దాకా చుక్కాని వదల్లేదు, అన్నం ముట్టలేదు. వేట నుంచి వచ్చి, స్నానం చేసి, కానాగంత వేపుడు తిని పడుకున్నాడు. పొద్దున్న లేవలేదు. అంతే.

పెద్దకర్మ రోజు గరాచర్మ ఇంటి పెరట్లో కాకికి పెట్టడానికి ఆకు వేశారు. మా పెద్దల్లో ఒకాయన అన్నం ముద్ద చేసి ఆకు మధ్యలో పెట్టాడు. మా అప్ప గడప దగ్గర నుంచి లేచింది.

"ఆ బువ్వ తీసెయ్యండి."

"అదేటమ్మా? ముద్ద లేకుండా ఎలా?"

"ఆయనకి పడదు."

"పోయినోడికి షుగరేటమ్మా?" అన్నాడాయన, మెత్తగానే.

"ఆయన ఖాళీగా కూకునే రకమేటి? ఈపాటికి అక్కడ ఏదో పడవ ఎక్కేసే ఉంటాడు. షుగరెక్కితే దింపేస్తారు."

ఎవరు ముందు నవ్వారో తెలీదు, ఎవరు ముందు ఏడ్చారో తెలీదు. డ్రైవరే ముందుకొచ్చి ఆకు మీద ముద్ద తీసేశాడు, ఒక్క మెతుకు లేకుండా వేలితో తుడిచాడు. మా అప్ప లోపలికి పోయి మునగాకు అట్టు, ముదురు కొబ్బరి ముక్క, కానాగంత వేపుడు తెచ్చి సర్దింది. అందరం వెనక్కి జరిగాం. పూర్తిగా జరగనే లేదు, గోడ మీంచి ఒక లావుపాటి కాకి దిగి, అటూ ఇటూ చూడకుండా చేపని ఒక్కసారిగా ముక్కున కరుచుకుంది.

"నెమ్మదిగా," అంది మా అప్ప కాకితో. "ముల్లుంటాది. సూసుకోని తిను."